తంతి తపాలా ఉద్యోగి, ఆయన తుపాకీ: కెన్నెత్ ఆండర్సన్ జీవితం

ఈ విశేషాంకానికి గతించిన ప్రముఖులలో ఒకరి జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు నన్ను కోరారు. మన జిల్లా వాళ్ళమంటే ముందుగా గుర్తుకు వచ్చేవారు గిడుగు రామమూర్తి పంతులు గారు, గౌతు లచ్చన్న గారు. వారిని గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. అందుచేత మనలాగే కొంతకాలం ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఒక పెద్దమనిషి చరిత్ర ఎంచుకున్నాను. ఆయన దొరల జాతివాడు, వేటగాడు. అటువంటి వాని గురించి పింఛనుదారులకు ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. కారణం చివర మనవి చేసుకుంటాను.

ఆయన పేరు కెన్నెత్ డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్. పుట్టినది 1910 మార్చి 8వ తేదీన, సికింద్రాబాదు కంటోన్మెంటు పక్కనున్న బొల్లారంలో. అంటే తెలుగు నేల మీద పుట్టినవాడే. వీరి పూర్వులు స్కాట్లాండు నుంచి వచ్చి ఆరు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డారు. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే శాఖలో సూపరింటెండెంటు. ఆ ఉద్యోగం ఎటువంటిదో మనలో అకౌంట్సు వారికి వేరే చెప్పనక్కరలేదు. కెన్నెత్ చదువు బెంగుళూరులో బిషప్ కాటన్ స్కూలులోను, సెయింట్ జోసెఫ్స్ కాలేజీలోను సాగింది. తరువాత న్యాయశాస్త్రం చదవమని ఎడింబరో పంపారు. ఆ చదువు ఆయనకు ఎక్కలేదు. మధ్యలోనే మానేసి ఇండియాకు తిరిగి వచ్చేశాడు.

వచ్చినవాడు తంతి తపాలా శాఖలో చేరి సుమారు 15 సంవత్సరాలు పనిచేశాడు. ఆ తరువాత బెంగుళూరు విమాన కర్మాగారంలో ప్లానింగ్ విభాగంలో ఫ్యాక్టరీ మేనేజరు హోదా వరకు వెళ్ళాడు. 1929లో వివాహం. ఒక కుమార్తె, ఒక కుమారుడు. కుమారుడు డోనల్డ్ కూడా పేరుమోసిన వేటగాడే, 2014లో మరణించాడు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆండర్సన్ రాజా కాడు, జమీందారు కాడు. ఆఫీసుకు సెలవు చీటీ పెట్టి అడవికి వెళ్ళవలసినవాడు. సెలవు అయిపోతే పులి చచ్చినా చావకపోయినా తిరిగి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టవలసినవాడు. ఏనుగుల మీద ఎక్కి, వందలాది మందిచేత డప్పులు కొట్టించి అడవిని తోలించే వేట ఆయనది కాదు. తనొక్కడు, వెంట దారి చూపే అడవి మనిషి ఒకడు. చాలాసార్లు ఆ మనిషి కూడా ఉండడు.

ఆయన తిరిగిన అడవులలో మన తెలుగు ప్రాంతాలు కూడా ఉన్నాయి. అప్పటి చిత్తూరు జిల్లాలో తిరుపతి కొండలను ఆనుకొని ఉన్న చామల లోయ, నాగపట్ల, పులిబోను, ఉంబళమేరు వంటి చోట్ల, రేణిగుంట నుంచి కడప వెళ్ళే రైలు మార్గంలోని మామండూరులో మనిషి మరిగిన పులుల కోసం రాత్రుళ్ళు కాచాడు. నల్లమల అడవిలో నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న దిగువమెట్ట, చెంచుల గూడేలున్న పెద్దచెరువు ఆయన కథలలో వస్తాయి. ఇవికాక అప్పటి హోసూరు తాలూకాలోని జవలగిరి, శివనిపల్లి, దెంకణికోట వైపు అడవులు ఆయనకు ఇంటి పెరడు వంటివి. తమిళనాడులోనే ఉన్నా ఆ ప్రాంతంలో ఈనాటికీ ఊరూరా తెలుగువారున్నారు.

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆయన చంపిన నరభక్షక మృగాలు 15. అందులో చిరుతలు 8, పెద్దపులులు 7. రికార్డుకు ఎక్కనివి ఇంకా ఉన్నాయని అభిమానులు అంటారు. కథలలో కొంత అతిశయోక్తి ఉన్నదని అనేవారూ లేకపోలేదు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక రికార్డులో ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకుంటాను.

ఇక ఆయన తుపాకీ సంగతి. ఆండర్సన్ జీవితమంతా నమ్ముకున్న ఆయుధం అమెరికాలో తయారైన వించెస్టర్ 1895 మోడలు, 405 బోరు రైఫిలు. దీనిని రూపొందించినవాడు జాన్ మోసెస్ బ్రౌనింగ్ అనే మేధావి. 405 తూటా 1904లో వచ్చింది. అమెరికా అధ్యక్షుడుగా చేసి దిగిపోయిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు పోయినప్పుడు ఈ రైఫిలునే తీసుకుపోయి సింహాల మీద వాడాడు. అప్పటి నుంచి దీనికి లోకమంతటా పేరు వచ్చింది.

ఆ రోజులలో పెద్ద మృగాలను వేటాడే దొరలు, మహారాజులు ఎక్కువగా ఎంచుకున్నది ఇంగ్లండులో చేతితో చేసిన జోడు గొట్టాల రైఫిలు. అది చాలా మంచి ఆయుధమే. కాని వెల జీతగాడికి అందేది కాదు. పైగా అందులో ఉండేవి రెండే తూటాలు. రెండూ గురి తప్పితే మళ్ళీ తుపాకీ మడిచి, తూటాలు పెట్టుకునే వ్యవధి పులి ఇవ్వదు. రెండవ రకం మిలిటరీ పద్ధతి బోల్టు రైఫిలు. కుమావూన్ కొండలలో జిమ్ కార్బెట్ జోడు గొట్టాల రైఫిలూ వాడాడు, చిన్న 275 బోరు బోల్టు రైఫిలూ వాడాడు. బోల్టు తుపాకీకి ప్రతి తూటాకూ కుడిచేతిని మీట నుంచి తీసి, పిడి పైకెత్తి, వెనక్కు లాగి, ముందుకు తోసి, దించాలి. అలవాటుపడినవారు త్వరగానే చేస్తారు గాని, చేయి ట్రిగ్గరు వదిలి తిరిగి రావలసిందే.

మూడవ రకమే ఆండర్సన్ ఎంచుకున్నది. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప కడియమే ఇందులో మీట. కుడిచేతి వేళ్ళు అందులోనే ఉంటాయి. కాల్చిన వెంటనే ఆ కడియాన్ని కిందికి తోసి పైకి లాగితే చాలు, ఖాళీ తూటా బయటపడి, కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. తుపాకీని భుజం మీదనుంచి దించనక్కరలేదు. ఇటువంటి పాత తుపాకులలో తూటాలు గొట్టం కింద ఇంకొక సన్న గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉండేవి. వెనుక తూటా మొన, ముందు తూటా మడమకు ఆని ఉంటుంది కాబట్టి మొన వాడిగా ఉన్న తూటాలు పెడితే కుదుపుకు లోపలే పేలే ప్రమాదం ఉంది. బ్రౌనింగ్ 1895 మోడలులో ఆ గొట్టం తీసివేసి, ట్రిగ్గరుకు ముందు ఒక పెట్టె అమర్చాడు. తూటాలు అందులో ఒకదానిపై ఒకటి ఉంటాయి. అందుచేతనే ఆ చట్రంలో బలమైన తూటాలు వాడటం సాధ్యమైంది. 405లో పెట్టెలో నాలుగు, గొట్టంలో ఒకటి, వెరసి అయిదు పడతాయి.

ఆ గుండు బరువు 300 గ్రెయిన్లు. మన లెక్కలో తులంన్నర పైమాటే. మందం 10 మిల్లీమీటర్ల పైచిలుకు. గొట్టం నుంచి బయటపడేటప్పుడు వేగం సెకనుకు సుమారు 2,200 అడుగులు. దూరం పోయేకొద్దీ ఈ బరువు గుండు తొందరగా వంగిపోతుంది కనుక మైదానంలో మూడు, నాలుగు వందల గజాల దూరాన జింకను కొట్టడానికి ఇది పనికిరాదు. కాని ఆండర్సన్ కాల్చిన దూరాలు అటువంటివి కావు. పొదల మధ్య పది, ఇరవై, ముప్పై గజాలు. ఆ దూరంలో పులి మీద పడుతున్నప్పుడు దానిని ఉన్నచోట ఆపగలిగే దెబ్బ కావాలి. చిన్న గుండు వేగంగా పోయి గాయం చేయవచ్చు. గాయపడిన పులి వచ్చే వేగం కూడా తక్కువేమీ కాదు.

దుర్బిణీ అమర్చకుండా ఒట్టి కంటి గురితో ఎందుకు వాడాడనే ప్రశ్న వస్తుంది. గొట్టం కొసన గింజంత బొడిపె, వెనుక చిన్న గాడి. ఆ గాడిలో బొడిపెను నిలిపి, దానిమీద మృగాన్ని నిలపాలి. రెండు కళ్ళూ తెరిచి చూడవచ్చు. దుర్బిణీలో చూస్తే దూరం దగ్గరవుతుంది గాని చుట్టుపక్కల ఏముందో కనపడదు. పది గజాలలో పొద కదిలితే అందులో కనిపించేది రోమాలు తప్ప ఏ భాగమో తెలియదు. వానకు, మంచుకు అద్దం మసకబారుతుంది. రాత్రి మంచె మీద కూర్చున్నప్పుడు ఆయన గొట్టానికి బ్యాటరీ లైటు బిగించుకునేవాడు. లైటు వేయగానే గొట్టం కొసన గురి, దాని ముందు మృగం రెండూ ఒకే వెలుతురులో కనిపిస్తాయి. ఈ తుపాకీకి సుత్తి బయటకే ఉంటుంది కనుక అది ఎత్తి ఉందో లేదో చీకటిలో బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు.

లోపాలు లేవని కాదు. తుపాకీ మడమ సన్నగా ఉండి, పేల్చినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నుతుందని దీనికి పేరు. కంగారులో మీటను పూర్తిగా కిందికి తోయకుండా సగంలో లాగితే తూటా ఇరుక్కుపోవచ్చు. అందుచేత ఇటువంటి తుపాకీ ఎంచుకోవడంతో పని అయిపోదు, చేతికి అది నిద్రలో కూడా అలవాటు కావాలి. ఆండర్సన్ తుపాకులు మార్చుకుంటూ పోలేదు. ఒక్కదానినే పట్టుకుని పెద్దవాడయ్యాడు.

చట్టం కూడా ఎంపికలో ఒక భాగమే. సైన్యం తూటాలు జనం చేతిలో పడకూడదని బ్రిటిషు ప్రభుత్వం 20వ శతాబ్దం తొలి దశకంలోనే 450 బోరును ఇండియాలో నిషేధించింది. సైన్యం వాడే 303 కూడా సామాన్యునికి దొరికేది కాదు. అందువలన వేటగాళ్ళు వేరే బోర్లు వెతుక్కున్నారు. ఇంగ్లండులో 470, 465 వంటి కొత్త తూటాలు రావడానికి ఆ నిషేధమే కారణం. అమెరికా 405కు ఆ బాధ లేదు.

ఆండర్సన్ కథలలో నన్ను పట్టి ఉంచినవి రెండు. ఒకటి జవలగిరి ఆడపులి. ఎన్ని ఎరలు కట్టినా రాని ఆ పులిని, వెన్నెల రాత్రి తానే మగపులి గొంతుతో అరిచి దగ్గరకు రప్పించాడు. అది బదులు పలుకుతూ వచ్చింది. జత కోసం వచ్చిన ప్రాణిని కాల్చవలసి వచ్చినందుకు ఆయనకు గర్వం కలగలేదు. చదివిన మనకూ కలగదు.

రెండవది మైసూరు ఎలుగుబంటి. అరసికెరె ప్రాంతపు కొండలలో ఒక ఎలుగు కనీసం 12 మందిని చంపి, మరి రెండు డజన్ల మందిని గాయపరచింది. చాలామందికి ముఖం, కళ్ళు పోయాయి. ఆ కొండ దగ్గర దర్గా చూసుకునే ఆయన స్నేహితుని కుమారుడు దాని చేతిలో చనిపోయాడు. ఆ కబురు అందాక ఆండర్సన్ బయలుదేరాడు. మొదటిసారి దొరకలేదు. రెండవసారీ దొరకలేదు. మూడవ ప్రయత్నంలో చిక్కింది.

ఈ ఎలుగు కథ నేను మొదట చదివిన సందర్భం చెప్పాలి. 1980లలో నేను ఒక కార్యాలయంలో ఆయుధ లైసెన్సుల సీటు చూసేవాణ్ణి. 1959 ఆయుధ చట్టంలో పంట రక్షణకు మందు దట్టించే నాటు తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలుంది. ఉద్దానం వైపు ఒక రైతు అడవిపందుల బెడదకని దరఖాస్తు పెట్టుకున్నాడు. విచారణ నివేదికలు సవ్యంగానే ఉన్నాయి. ఇవ్వవచ్చునని నోటు వ్రాసి పైకి పంపాను. రెండేళ్ళ తరువాత జీడిపళ్ళ రోజులలో అతని తోటకు ఎలుగు వచ్చింది. పందికి వేసే చిన్న గుళ్ళు దానిమీద వేశాడు. అది చావలేదు. మూడవ నాడు పక్క తోటలో జీడిపిక్కలు ఏరుకుంటున్న ఒక ముసలామె మీద పడింది. ప్రాణం దక్కింది గాని ఒక కన్ను, సగం ముఖం పోయాయి. సహాయం కోసం ఆమె పెట్టుకున్న అర్జీ మా కార్యాలయానికే వచ్చింది. దాని మీద తేదీ ముద్ర వేసింది నేనే. ఆమె ముఖానికి చెంగు కప్పుకొని బల్ల అవతల నిలబడి ఉంది. నా నోటులో నియమానికి విరుద్ధమైనది ఒక్క అక్షరం లేదు. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తరువాతనే శ్రీకాకుళంలో ఒక మిత్రుడు ఆండర్సన్ పుస్తకం ఇచ్చాడు. ఆయన పుస్తకాలలో మళ్ళీ మళ్ళీ కనిపించే సంగతి ఒక్కటే. మృగం ఊరకే మనిషి మీదకు రాదు. చాలా నరభక్షకాల ఒంట్లో పాత గుండు గాయమో, ముళ్ళపంది ముల్లో ఉంటుంది. ఎవడో తనకు తగని తుపాకీతో, తగని దూరం నుంచి కాల్చి ఇంటికి పోతాడు. ఆ బాకీ ఏ పాపమూ ఎరుగని కట్టెలమ్మే మనిషో, పశువుల కాపరో తీర్చాలి. గాయపడిన మృగాన్ని అలాగే వదిలి రాకూడదనేది ఆండర్సన్ నియమం. రక్తపు జాడ పట్టుకుని నడిచి వెళ్ళి పని ముగించాలి. పెద్ద తుపాకీ ఎంచుకోవడం వెనుక ఉన్నది దర్పం కాదు, ఈ బాధ్యత.

ఆయన మొదటి పుస్తకం 1954లో లండనులో అచ్చయింది. తొమ్మిది నరభక్షకాలు, ఒక పిచ్చి ఏనుగు గురించిన కథలవి. తరువాత 1957లో, 1959లో, అలా 1970 వరకు మరి కొన్ని వచ్చాయి. ఆఖరుది ఆయన పోయిన తరువాత 1976లో వెలువడింది. కన్నడంలో ప్రసిద్ధ రచయిత పూర్ణచంద్ర తేజస్వి వీటిని తనదైన శైలిలో అందించగా ఆ రాష్ట్రంలో ఇంటింటా చదివారు. వయసు మళ్ళినకొద్దీ ఆండర్సన్ తుపాకీ తగ్గించి కెమెరా పట్టాడు. అడవి తరిగిపోతున్నదని, పులి మిగలదని ముందుగానే హెచ్చరించినవారిలో ఒకడు. ఆయన భయపడినట్లే 1970లో దేశమంతటా పులుల వేటను నిషేధించవలసి వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో పులుల సంరక్షణ పథకం వచ్చాయి. ఆయన తిరిగిన నల్లమల 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించబడింది. ఆండర్సన్ 1974 ఆగస్టు 30న బెంగుళూరులో క్యాన్సరుతో మరణించాడు. వయసు 64.

ఇప్పుడు కారణం మనవి చేస్తాను. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరచిన సంగతి మీకు తెలుసు. మత్తుసూది వేసి పట్టుకున్న తరువాత ఆ ఎలుగు కూడా చనిపోయింది. 2023 చివర్లో ఒడిశా వైపునుంచి పెద్దపులి ఒకటి మన జిల్లాలోకి వచ్చిందని ఊళ్ళన్నీ తలుపులు మూసుకున్నాయి. ఆ రోజులలో మా రావివలసలో కొందరు కుర్రవాళ్ళు, ఒకప్పుడు నేను లైసెన్సుల సీటు చూశానని తెలిసి, తాతగారూ అంటూ మా ఇంటికి వచ్చారు. ఏ తుపాకీ మంచిది, లైసెన్సు ఎలా వస్తుంది, దుర్బిణీ ఉన్నది కొనాలా లేనిది కొనాలా అని అడిగారు. అందులో నా మనుమడూ ఉన్నాడు.

ఏ తుపాకీ మంచిదో వివరంగానే చెప్పాను. పైన వ్రాసినదంతా వారికి చెప్పినదే. చెప్పి, ఆ ముసలామె సంగతి కూడా చెప్పాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. తుపాకీ ఎంచుకోవడం సులువు, దాని వెనుక రక్తపు జాడ పట్టుకుని ఒంటరిగా పొదలోకి వెళ్ళగలనని ఒప్పుకోవడం కష్టమని చెప్పాను. ఆ రెండవది చేయలేనివాడు మొదటిది చేయకూడదు. పైగా 1972 చట్టం ప్రకారం మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన మృగాన్ని ఏం చేయాలో నిర్ణయించే అధికారం అటవీ శాఖ ఉన్నతాధికారిది. పంట రక్షణ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఎలుగును కాల్చడానికి వీలు లేదు.

మనం చేయగలిగినవి చిన్నవే గాని ఉన్నాయి. జీడి, పనస పండే రోజులలో తెల్లవారుజామున, చీకటి పడ్డాక తోటలోకి ఒంటరిగా వెళ్ళరాదు. నలుగురూ కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, చేతిలో లైటుతో వెళ్ళాలి. రాలిన పనసపండ్లు ఇంటి దగ్గర కుళ్ళనివ్వకూడదు. ఎలుగు కనిపిస్తే చుట్టుముట్టి రాళ్ళు వేయకుండా, దానికి పోవడానికి దారి వదిలి, అటవీ శాఖవారికి కబురు చేయాలి. పిల్లలతో ఉండే తల్లి ఎలుగు దగ్గరకు అసలు పోరాదు.

కుర్రవాళ్ళు కొంత నిరుత్సాహపడే వెళ్ళారు. మా మనుమడు మాత్రం ఉండిపోయి, ఆ ముసలామె తరువాత ఏమైందని అడిగాడు. కొంత సహాయం మంజూరయిందని, ఆమె మరో పది పన్నెండేళ్ళు బ్రతికిందని, ఆ తోటకే పనికి వెళ్ళేదని చెప్పాను. ఆ మరుసటి వారం వాడు ఆండర్సన్ పుస్తకం నా బీరువాలోంచి తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. ఇంకా తిరిగి ఇవ్వలేదు. సభ్యులెవరికైనా చదవాలని ఉంటే వాడి దగ్గరనుంచి అడిగి ఇప్పించగలను. ఇంతటితో సెలవు.